ఎల్లగడియ

తుపాకికి మా నేలను గుర్తుపట్టడం నేర్పింది నేనే. ఒకప్పుడు ఈ మాట సభల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని. శాలువాలు కప్పించుకున్నాను, కలెక్టరు పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే తల దించుకుని అవునంటాను.

మా నాన్న చెంగల్రాయాచారి కమ్మరి. మా గుండ్లమిట్ట రాష్ట్రం కొసన, అడవి అంచున ఉన్న ఊరు. కొలిమిలో పగలు కర్రులు, కొడవళ్ళు సాగేవి. తలుపులు మూసుకుని నాన్న నాటు తుపాకులు కూడా చేసేవాడు. చెనిక్కాయ పంట చేతికొచ్చే వేళకు అడవిపందులు మందలుగా దిగి ఒక్క పూటలో ఎకరం తవ్విపోసేవి. డప్పు కొడితే మొదటిరోజు పారిపోయేవి, రెండోరోజు నిలబడి వినేవి, మూడోరోజు పట్టించుకునేవి కావు. రైతులు మా గడపలో వచ్చి కూర్చుంటే నాన్న కాదనలేకపోయేవాడు. లైసెన్సు లేకుండా తుపాకి చేస్తే కేంద్ర చట్టం ఊరుకోదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి, ఇంటర్‌లో ఉండగా ఇంకోసారి ఆయన్ని పట్టుకుపోయారు. రెండోసారి మూడేళ్ళు పడింది. ఆ మూడేళ్ళూ అన్న దేవరాజు చదువు మానేసి కొలిమి ఊదాడు. నేను చదువుకున్నాను. అన్న ఒక్కనాడు కూడా ఆ సంగతి ఎత్తిపొడవలేదు.

నేను పదార్థ విజ్ఞానంలో పరిశోధన ముగించి ఉద్యోగంలో చేరిన ఐదేళ్ళకు రాష్ట్రం కొత్త చట్టం చేసింది. మన ఇనుముతో, మన చెక్కతో, మన మందుతో, మన మనుషులు చేసి, మన ఎల్ల దాటకుండా వాడే తుపాకి మీద కేంద్రానికి పెత్తనం లేదని దాని సారాంశం. పందుల పోరు పడలేని రైతులు ఊరూరా టపాసులు కాల్చారు. నాన్న మీదున్న పాత కేసులు కూడా ఆ చట్టంతో కొట్టేశారు. ఆ కబురు తెలిసిన రోజు ఆయన గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, పోలీస్ స్టేషన్ ముందునుంచి ఊరికే రెండుసార్లు నడిచి వచ్చాడు.

కేంద్రం కోర్టుకు వెళ్ళింది. ఎల్ల దాటదని గ్యారంటీ ఏమిటి, తుపాకికి కాళ్ళు లేకపోయినా దాన్ని పట్టుకున్నవాడికి ఉన్నాయి కదా అని కోర్టు అడిగింది. అడిగినమాట న్యాయమైనదే. దానికి జవాబు వెతకడానికి రాష్ట్రం ఒక పరిశోధనాలయం పెట్టి నన్ను పిలిచింది.

ఆ పరిశోధనాలయంలో పని చేయడం కత్తిమీద సామే. ఒకసారి ఒక స్క్రూ పక్క రాష్ట్రంలో తయారైందని తేలితే ఆరువందల తుపాకులు విప్పించి మళ్ళీ బిగించారు. ఉపగ్రహంతో ఎల్ల కనిపెడదామని కుర్ర ఇంజనీరొకడు అంటే ప్రభుత్వ న్యాయవాది కోదండపాణిగారు గుండె పట్టుకున్నంత పని చేశారు.

"ఉపగ్రహం ఎవరిది బాబూ? కేంద్రానిది. దాని సాయం తీసుకున్న క్షణాన మన తుపాకి స్థానికం కాకుండా పోతుంది. మన కాళ్ళ కింద ఉన్నదాంతోనే చేసుకోండి" అన్నారాయన.

కాళ్ళ కింద ఉన్నది రాయి. నేల లోపలి రాయి చోటుకొక తీరుగా అయస్కాంతంలా లాగుతుంది. ఆ లాగుడు బహు సూక్ష్మం, కానీ ఏ చోటిది ఆ చోటిదే, వేలిముద్రలాగా. దాన్ని పసిగట్టే స్ఫటికాన్ని నేను మూడేళ్ళు తంటాలు పడి పెంచాను. సైజు ఆవగింజంత. దాన్ని ఒక డబ్బాలో పెట్టుకుని ఎల్ల వెంబడి ఒక్కసారి నడిస్తే చాలు, నడిచిన దారిని గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తును మిగతా స్ఫటికాలకు ఎక్కించి తుపాకుల్లో బిగిస్తాం. ఎల్ల లోపల ఉన్నంతసేపూ ట్రిగ్గర్ వెనకున్న చిన్న ఇనుప గడియ జారి ఉంటుంది. దాటితే టక్కున పడుతుంది. పడితే సమ్మెటతో కొట్టినా రాదు. దానికి ఎల్లగడియ అని పేరు పెట్టింది నాన్నే. గడియ సాగగొట్టిందీ ఆయనే. తండ్రీకూతుళ్ళం ఒకే బల్ల దగ్గర పనిచేసిన ఆ రోజులు నా జీవితంలో అన్నిటికంటే మంచి రోజులు.

ఇక ఎల్ల వెంబడి నడవాలి. తక్కిన చోట్ల సర్వే రాళ్ళున్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. మా గుండ్లమిట్ట దగ్గర మాత్రం కిలోమీటరు పొడవునా ఒక్క రాయీ లేదు, గ్రానైటు క్వారీవాళ్ళు హద్దురాళ్ళతో సహా తవ్వుకుపోయారు. రెండు రాష్ట్రాల మ్యాపులూ ఒకదానికొకటి పొసగవు. అలాంటిచోట తరతరాలుగా జనం ఒప్పుకున్న హద్దే చెల్లుతుందని కోదండపాణిగారు చెప్పారు. అలాంటి హద్దు మా ఊరికి ఒకటుంది. ఏటా జాతరలో తెల్లవారుజామున గంగులప్ప తాత పొలి చల్లుతాడు. బలి ఇచ్చిన నెత్తురు కలిపిన అన్నాన్ని గంపలో పెట్టుకుని, ఊరి పొలిమేర పొడుగునా చల్లుతూ నడుస్తాడు. రోగమూ రొష్టూ ఆ గీత దాటి ఊళ్ళోకి రావని నమ్మకం. మా ఊరి పొలిమేరా, రాష్ట్రం ఎల్లా అక్కడ ఒకటే.

"కాగితాల కంటే ఆయన కాళ్ళకే బాగా తెలుసు" అన్నాను నేను. ఆ మాట అందరికీ నచ్చింది. నాకు మరీ నచ్చింది.

ఆడమనిషి పొలి వెంట రాకూడదని ఊళ్ళో అభ్యంతరం చెప్పారు. కలెక్టరు కబురు చేస్తే మెత్తబడ్డారు గానీ షరతులు పెట్టారు. మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు, తాత అడుగులో అడుగు వేసి నడవాలి. ముందు గంగులప్ప, ఆయన పక్కన దివిటీ పట్టుకుని ఆయన తమ్ముడు, వెనక డబ్బాతో నేను. తాత "పొలీ" అని కేకవేసి పిడికెడు చల్లడం, నేను అడుగు వేయడం. తూరుపు తెల్లబడుతోంది. దేశంలో ఎవరూ చేయని పనేదో చేస్తున్నానని నా ఒళ్ళు పులకరిస్తోంది.

అన్న ఇల్లు ఊరికి దూరంగా, ఎల్లను ఆనుకున్న చేలో ఉంటుంది. ఎల్ల ఆ చేను చుట్టూ అవతలికి వంగి పోతుంది. వాళ్ళ చేను దాపులకు వచ్చేసరికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. వదిన రేణుకకు రాత్రంతా నొప్పులని తెలుసు. కాన్పయిందన్నమాట. మేనత్తనయ్యాను. ఎగిరి గంతేయాలనిపించింది కానీ నోరు తెరవకూడదు. గంగులప్ప తాత క్షణం ఆగాడు. పురిటింటి పక్కనుంచి పొలి పోకూడదు. ఆయన ఎల్ల వదిలి, చేను ఇవతలికి తిరిగి, దూరంగా చుట్టుకుని నడిచి, ఆపైన మళ్ళీ ఎల్ల మీదికి వచ్చాడు. నేను ఆయన అడుగులో అడుగు వేస్తూ, చేతిలో డబ్బాతో, పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో అని ఆలోచించుకుంటూ నడిచాను.

నిజం చెప్తున్నాను, డబ్బా సంగతి నాకు తట్టనే లేదు. పొలి ముగియగానే డబ్బాను జీపులో పడేసి అన్న ఇంటికి పరుగెత్తాను. ఆడపిల్ల. మా అమ్మ పేరే పెట్టారు, కాంత.

రెండేళ్ళు పరీక్షలతో గడిచాయి. ఊరూరా తుపాకులు పట్టుకుని ఎల్ల దాటి చూశాం. దాటితే పడింది, వెనక్కి వస్తే జారింది. మా ఊళ్ళో పరీక్ష రోడ్డు మీద జరిగింది, చేలల్లోకి ఎవరూ పోలేదు. కోర్టు తాత్కాలికంగా ఒప్పుకుంది. నలభైవేల తుపాకులు పంచారు. గుండ్లమిట్టలో స్కూలు ఆవరణలో మొదటి తుపాకిని నాన్న చేతుల మీదుగా ఇప్పించారు. ఒకప్పుడు సంకెళ్ళతో ఊరు దాటిన మనిషి మైకు ముందు నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అన్న తుపాకికి గడియ నేనే బిగించాను. "చెల్లెలు చేసిన తుపాకి, పందులు పేరు వింటేనే పారిపోతాయి" అని అన్న అందరికీ చూపించుకున్నాడు.

ఆ తర్వాత ఇరవై రెండు రోజులు బతికాడు.

జరిగింది వదిన కళ్ళముందే. పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ చెనిక్కాయలు పీకుతున్నారు. పాప గట్టు మీద ఆడుకుంటోంది. పొదల్లోనుంచి పిల్లలతో తల్లిపంది బయటికొచ్చింది. అన్న పాపకూ పందికీ నడుమ నిలబడి తుపాకి ఎత్తాడు.

"మూడుసార్లు నొక్కినాడు విశాలా" అని వదిన నాకు చెప్పింది. "పేలలేదు. తుపాకి తట్టు చూసినాడు, మళ్ళా నొక్కినాడు. అంతలోకే అది మీదికొచ్చేసింది."

చేతిలో కర్ర ఉండి ఉంటే అన్న పాపను చంకనేసుకుని గట్టెక్కేవాడు. అడవి పక్కన పుట్టినవాడు, పందిని చూసి ఎటు తప్పుకోవాలో తెలియనివాడు కాదు. తుపాకి ఉందని నిలబడ్డాడు. నేను చేసిందని నమ్మి నిలబడ్డాడు. కోర తొడలోకి దిగింది. ఆటో వచ్చేసరికి నెత్తురంతా చేలోకే పోయింది. పందికి కావలసింది దాని పిల్లలే కాబట్టి అది పొదల్లోకి పోయింది. పాపకు చిన్న గీత కూడా పడలేదు.

దహనం అయిన మరుసటి రోజు అన్న తుపాకి తీసుకుని ఒంటరిగా ఆ చేలోకి పోయాను. స్ఫటికం పగిలిందేమో, గడియకు తుప్పు పట్టిందేమో, నాన్న చేతిపనిలో లోపమేమో అని ఏవేవో అనుకుంటూ పోయాను. అన్న పడిపోయిన చోట నిలబడి నొక్కాను. గడియ పడి ఉంది. ఊరి వైపు నడిచాను. నలభై అడుగులు వేశాక లోపల టక్కుమని గడియ జారింది. ఒక అడుగు వెనక్కి వేశాను, పడింది. ముందుకు వేశాను, జారింది. తుపాకి బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

గడియ జారినచోటల్లా ఒక చెనిక్కాయ మొక్క పీకి పెట్టుకుంటూ పోయాను. గంట తర్వాత గట్టెక్కి వెనక్కి తిరిగి చూశాను. వాడిన మొక్కల వరుస ఎల్ల దగ్గర మొదలై, అన్న ఇంటినీ చేనునూ బయటికి వదిలేసి, చుట్టూ తిరిగి, మళ్ళీ ఎల్లను కలుసుకుంది. ఆ వంపు ఎక్కడిదో నా కాళ్ళకు తెలుసు. నా లెక్క ప్రకారం అన్న ఇల్లు మన రాష్ట్రంలో లేదు. ఇంట్లో తుపాకి పేల్చి చూసేదెవరు, ఆ ఇరవై రెండు రోజుల్లో చేలోకి పంది దిగనే లేదు, అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. అక్కడే కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చాను. చుట్టుపక్కల చేలవాళ్ళు అన్న కోసం ఏడుస్తున్నాననుకున్నారు.

నాలుగోనాడు కోదండపాణిగారు కారు వేసుకుని వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. అన్న ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం ఇచ్చారు. మరణించిన దేవరాజు తుపాకితో రాష్ట్రం ఎల్ల దాటి ఉన్నాడనీ, అందుచేత గడియ పడటం నియమం ప్రకారమే జరిగిందనీ అందులో ఉంది. కింద నా సంతకానికి చోటు వదిలారు.

"వచ్చేవారం కోర్టు పంపిన కమిషనర్ మీ ఊరికే వస్తున్నారు మేడమ్. గడియ ఒక్కచోట తప్పిందని తేలినా చట్టం నిలవదు. నలభైవేల కుటుంబాలు మళ్ళీ డప్పులు పట్టుకోవాలి" అన్నారు.

"అన్న ఎల్ల దాటాడని రాస్తే ఆయన నేరస్థుడవుతాడు కదండీ?"

"చనిపోయినవాళ్ళ మీద కేసుండదు."

"మరి ఆ చేను? ఆ ఇల్లు? అది మన రాష్ట్రం కాదని నేనే సంతకం పెడితే మా వదిన పట్టా ఏం కావాలి?"

"పక్క రాష్ట్రంవాళ్ళతో మాట్లాడదాం. ఏదో ఒక దారి దొరక్కపోదు" అన్నారు. దొరకదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

కాగితం తీసుకుని కొలిమి దగ్గరికి పోయాను. నాన్న నిప్పు లేని కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. చదివి వినిపించాను. చల్లారిన బొగ్గులను పుల్లతో కదిపాడు.

"పెట్టేయ్ మే" అన్నాడు చివరికి.

"నాయనా, అన్నను దొంగను చేసినట్టవతుంది."

"నన్నూ దొంగ అనే అన్నారు ఇరవై ఏండ్లు. బతకలా? పొయినోడు ఇంక రాడు. ఈ చట్టం పోతే ఇంగో చేలో ఇంగొకడి కొడుకు పోతాడు. నా కొడుకు పొయినందుకన్నా అది నిలబడనీ." నా జీవితంలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. సంతకం పెడితే నాన్న బతుకు నిలబడుతుంది, వదిన, పాప రోడ్డున పడతారు. పెట్టకపోతే నిజం చెప్పాలి. నిజం చెప్పడానికి నాకు భయం లేదు, ఉద్యోగం పోతే పోయింది. కానీ ఆ నిజంలో పాప ఉంది. పొలి ఎందుకు వంగిందంటే పాప పుట్టినందుకు. పాప పుట్టినందుకు ఎల్ల తప్పింది, ఎల్ల తప్పినందుకు తండ్రి పోయాడు. మా ఊరు దీన్ని ఎలా చెప్పుకుంటుందో నాకు బాగా తెలుసు. మా వీధి చివర ఈశ్వరమ్మ ఉంది. ఆమె పుట్టిననాడే తండ్రి బావిలో పడి చచ్చిపోయాడు. ఆమెకు డెబ్బై ఏళ్ళొచ్చినా ఇప్పటికీ నాయన్ను మింగిన ఈశ్వరి అనే అంటారు. పెళ్ళి కాలేదు. పేరంటానికి పిలవరు. పొద్దున్నే ఎదురొస్తే పక్కకు తప్పుకుంటారు. చిన్నప్పుడు నేనూ తప్పుకున్నాను.

పొలి వెంట నడిచినవాళ్ళం ముగ్గురం. గంగులప్ప తమ్ముడు కిందటేడు పోయాడు. ఇక ఈ సంగతి తెలిసినవాళ్ళం నేనూ గంగులప్ప తాతే. ఆయన దగ్గరికి పోదామని రెండుసార్లు బయల్దేరి, ఏ మొహం పెట్టుకుని అబద్ధం చెప్పమని అడగాలో తెలియక వెనక్కి వచ్చాను.

కమిషనర్ స్కూలు వరండాలో కూర్చున్నారు. రిటైరైన జడ్జి, మెత్తని మనిషి. ఇటు కోదండపాణిగారు, అటు కేంద్రం తరఫు లాయరు. ఎదురుగా ఊరంతా ఉంది. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వదిన ఆడవాళ్ళ మధ్య పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టాను. కోదండపాణిగారు కళ్ళు మూసుకున్నారు.

"మా అన్న ఎల్ల దాటలేదు" అన్నాను. "ఆయన మన రాష్ట్రంలో, తన చేలో నిలబడి ఉన్నాడు. గడియకు నేర్పిన గీత తప్పు."

జనంలో కలకలం లేచింది. నేను నాన్న వైపు చూడలేదు.

"ఎందువల్ల తప్పింది?" అని కమిషనర్ అడిగారు. "పొలి దారినే నడిచానని మీ నివేదికలో ఉందే."

"నడవలేదండీ. దేవరాజు చేను దగ్గర పొలి వదిలేసి అడ్డంగా పోయాను."

"ఎందుకు?"

"డబ్బా బరువుగా ఉండింది. కాళ్ళు నొప్పి పుట్టాయి. చుట్టూ తిరగడం ఎందుకులే, కొద్దిగా కోసుకుపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను."

దీనికి సాక్ష్యం ఉందా అని కేంద్రం లాయరు అడిగాడు. గంగులప్పను పిలిచారు. ఆయన నోరు తెరిచి పురిటిల్లు అనే మాట అంటే చాలు, అంతా అయిపోయినట్టే.

తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. జనం వైపు చూశాడు. వదిననూ ఒళ్ళో పాపనూ చూశాడు.

"నేను మా తాతలు పోయిన దారినే పోయినా సామీ" అన్నాడు. "ఈ ఎల్ల నాకు కండ్లు మూసుకున్నా తెలుసు. ఒక్క అడుగు గూడా ఇట్లా అట్లా పడలా."

"ఈ అమ్మాయి మీ వెనకే వచ్చిందా?"

"నాకేం తెలుసు సామీ? పొలి చల్లేవోడు వెనక్కి చూడగూడదు గదా. తీరా అయిపోయినాక చూస్తే ఆయమ్మ యాడో పక్కనుంచి వస్తా ఉండాది. చదువుకున్నోళ్ళు, మనమేం అడుగుతాంలే అని గమ్మునుండిపోయినా."

యాభై ఏళ్ళు ఆ గంప మోసిన మనిషి. పొలి దారి విషయంలో అబద్ధమాడితే అమ్మవారు కళ్ళు తీసేస్తుందని నమ్మినవాడు. నా పక్కనుంచి పోతూ ఆయన నా మొహం చూడలేదు.

రెండు నెలల్లో కోర్టు చట్టాన్ని ఆపేసింది. తుపాకులు వెనక్కి తీసుకోవడానికి ఊరూరా లారీలు తిరిగాయి. గుండ్లమిట్టలో అందరికంటే ముందు నాన్న వచ్చాడు. తాను సాగగొట్టిన తుపాకిని గుడ్డతో తుడిచి లారీలో పెట్టి, కొలిమికి తాళం వేసి, నాతో మాట్లాడకుండా ఇంట్లోకి పోయాడు. అప్పటినుంచి మాట్లాడలేదు. ఆయన కోపం న్యాయమే. ఆ ఏడు పందులు మా ఊళ్ళో సగం చేలు తినేశాయి. పక్క ఊళ్ళో ఒకాయన పంది పొడిచి ఆసుపత్రి పాలయ్యాడు. అది వినగానే నాన్న కొలిమి ముందు చెప్పిన మాటే చెవుల్లో మోగింది. నిర్లక్ష్యం వల్ల మనిషి మృతికి కారణమైనందుకు నా మీద కేసు నడుస్తోంది. ప్రయోగశాలలో అడుగుపెట్టే అర్హత పోయింది. దీంట్లో ఏ ఒక్కదానికీ నేను ఏడవలేదు.

అన్న మరణ పత్రం చేతికొచ్చినప్పుడు నేనే తీసుకుపోయి వదినకు ఇచ్చాను. మరణించిన స్థలం అనే చోట గుండ్లమిట్ట, సొంత పొలం అని ఉంది. వదిన ఆ వరుస మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. పట్టా కాగితాలతో కలిపి బీరువాలో పెట్టి వచ్చింది. ఈలోగా పాప పరుగెత్తుకుంటూ వచ్చి నా ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది. చెవులకున్న కమ్మలు పట్టుకుని లాగుతోంది. దాని తల నిమురుతుంటే నాకు కడుపు నిండినట్టయింది. దీన్ని ఈ ఊళ్ళో ఎవరూ ఏ మాటా అనరు. పెళ్ళికి పిలుస్తారు, పేరంటానికి పిలుస్తారు, ఎదురొస్తే నవ్వుతారు.

వదిన గడపలో నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"ఒక మాట అడగతా, నిజం చెప్పు విశాలా" అంది. "పొలి ఎనకాల ఆ రొండు అడుగులు తిరిగొచ్చుంటే నీకు ఏమయిపోతా ఉండె?"

చెప్పేద్దామా అనిపించింది. పాప నా కమ్మ వదిలి గాజులు పట్టుకుని తిప్పుతోంది.

"కాళ్ళు నొప్పులు పుట్టినాయి వదినా" అన్నాను.

"కాళ్ళు నొప్పులా" అంది వదిన. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "ఆ పొద్దు నేను నొప్పులు పడతా రాత్రంతా అరస్తా ఉంటే మీ అన్న ఈ గడపలోనే నిలబడుకోనుండినాడు. తెల్లారిందాకా ఒక్క అడుగు కదల్లేదు. నీకు కాళ్ళు నొప్పులా."

వచ్చి నా ఒళ్ళోనుంచి పాపను ఎత్తుకుంది. పాప నా గాజు వదలకపోతే వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.